సందెవేళ చాచిన చెయ్యి

నిన్న సందెవేళ కరెంటు పోతే మా మనవరాలు గోడ తడుముకుంటూ వచ్చింది. ఆ చెయ్యి చూడగానే మా అక్క గుర్తొచ్చింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నగరిలో మాది మగ్గం ఇల్లు. అక్కకు రేచీకటి, పొద్దు వాలితే ఏమీ కనబడదు. మా అమ్మ తమ్ముడికీ అంతే. పుత్తూరు నుంచి అక్కకు ఒక సంబంధం వస్తే, అమ్మను కన్న మా అవ్వ వద్దనేసింది.

"బయటోళ్లకిస్తే మొదటి సందేళకే తెలిసిపోతాది, తిప్పి పంపేస్తారు. నా కొడుక్కే ఇయ్యి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటాది."

"పుట్టే బిడ్డలకూ వస్తేనో?" అంది అమ్మ.

"అవిసాకు తింటే పోతాది."

"కిరసనాయిలు దొరకని కాలం. మా ఇద్దరికీ దీపంతో పనే లేదు గదక్కా" అన్నాడు మామ. అమ్మ తప్ప అందరూ నవ్వారు. పెళ్లయిపోయింది.

అక్కకు కొడుకు పుట్టాడు. వాడికి రోజూ అవిసాకు కోసుకొచ్చేది నేనే. వాడికి నడక, మాటలు వచ్చాక ఒక సందెవేళ వాకిట్లో నిలబడి, "అమ్మా, యాడుండావ్?" అన్నాడు.

"ఈడే ఉండాను నాయనా, రా."

ఇద్దరి మధ్య బారెడు దూరం కూడా లేదు. ఇద్దరూ చేతులు చాచి వెతుక్కుంటున్నారు. కళ్లగంతలాట అనుకొని నేను చప్పట్లు కొట్టాను. అమ్మ వచ్చి నా చేతులు పట్టుకొని ఆపింది.

ఆకు తినక వచ్చే రేచీకటి వేరని, మాది రక్తంలో వచ్చిందని చాలా ఏళ్లకు ఒక డాక్టరు చెప్పాడు. అందుకే ఈ ఇంట్లో మేనరికం మాట ఎత్తనివ్వను. రాతిగుండె ముసలిది అంటారు. అననీ.

నిన్న నేను పలకకుండా చెయ్యి చాచి నిలబడ్డాను. మనవరాలు ఆ మసకలోనే నేరుగా వచ్చి పట్టుకుంది.