మా ఆయన మోకాలికి నేను కట్టిన గోడ

కట్టుకున్నవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టిన ఇల్లాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. మాటతో కూర్చోబెట్టినవాళ్లున్నారు, కన్నీళ్లతో కూర్చోబెట్టినవాళ్లున్నారు. సున్నంతో కూర్చోబెట్టింది మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఇప్పుడు ఆయనే నవ్వుతున్నారు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను అనకాపల్లికి కాపురానికి వచ్చి రెండు నెలలు. మా ఆయన బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవారు. పొద్దంతా బెల్లం దిమ్మలు ఎత్తడం, దించడం. సాయంత్రమైతే ఇసుకలో చెడుగుడు. ఆయన కూత పెట్టి గీత దాటితే అవతలి జట్టు గద్దను చూసిన కోడిపిల్లల్లా చెదిరిపోయేదట. ఇది మా అత్తగారి లెక్క, తల్లి కాబట్టి కొంచెం తగ్గించుకోండి.

ఆ ఏడు నూకాలమ్మ జాతర రోజుల్లో, ఆదివారంనాడు, మునగపాక జట్టుతో పోటీ. అవతలి జట్టుకి పెద్ద మా ఆడపడుచు భర్తే. ముందటేడు గెలిచి, బండెక్కుతూ ఒక మాటన్నాడట. "బావా, వచ్చే ఏడు కూత మానీసి మా కాళ్లు కడుక్కోడానికి నీలియ్యి." ఆ మాటని మా ఆయన ఏడాదిపాటు రోజూ అన్నంలో కలుపుకుని తిన్నారు. ఆదివారం ఎలాగైనా గెలవాలి, అదొక్కటే ఆయనకి ధ్యానం.

గురువారం సాయంత్రం సాధన చేసి కుంటుతూ ఇంటికి వచ్చారు.

"ఏటయిందండీ?"

"ఏటీ అవలేదు. పాదం ఇసకలో కూరుకుపోనాది, ఒళ్లు ఇటు తిరిగింది. మోకాలు మధ్యలో ఉండిపోనాది."

"నొప్పా?"

"నొప్పేటి. ఆకలి."

తిని పడుకున్నారు. తెల్లవారేసరికి ఆ మోకాలు సంతకి పట్టుకెళ్లే గుమ్మడికాయలా ఉంది.

"మస్తాన్ సాయిబుని పిలుద్దాం" అన్నారు అత్తగారు. ఆయన బజారులో రేకు పెట్టెలు చేసేవారు. వయసులో కుస్తీలు పట్టిన మనిషి, ఊళ్లో ఏ ఆటగాడి కీలు తప్పినా ఆయన దగ్గరికే మోసుకెళ్లేవారు.

"ఎందుకత్తయ్యా, నాకు తెలుసు" అన్నాను. ఆ మాట నా నోట ఏ గడియలో వచ్చిందో.

నేను బడి గుమ్మం ఎక్కినదాన్ని కాను. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. కాపురానికి పంపేటప్పుడు మా నాయనమ్మ చేసే వైద్యాలన్నీ ఆయనే తన చేత్తో రాసి ఒక పుస్తకం ఇచ్చారు. దేవుడి పటం పక్కన పెట్టుకుని, దానికీ రోజూ ఒక పువ్వు పెట్టేదాన్ని. అందులో ఇలా ఉంది: బెణుకునకు ఆముదము రాసి, బెల్లమును సున్నమును నూరి పట్టు వేయవలెను. ఎంత బెల్లం, ఎంత సున్నం అన్నది లేదు. మా నాయనమ్మ పిచికలాంటి మనిషి, ఆవిడ మోకాలికి ఉసిరికాయంత ముద్ద సరిపోయేది. ఆ సంగతి నాకు తట్టలేదు.

ముందు వేడి ఆముదం పోసి మర్దనా చేశాను. ఇది పుస్తకంలో లేదు, నా సొంత తెలివి.

"నెమ్మదే" అన్నారు ఆయన, తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకుని.

"నొప్పి బయటికి రావాలండీ."

"నొప్పి కాదే, పేనం వచ్చేత్తంది."

తరవాత సున్నం. అత్తగారి తాంబూలం డబ్బీ తీస్తే చింతగింజంత ఉంది. అంత మోకాలికి అది బొట్టు పెట్టడానికే సరి. అమ్మవారిని తలుచుకుని పెరట్లోకి చూద్దును కదా, తట్టనిండా సున్నం, మీద తడి గోనె. జాతరకని మా వీధిగోడకి పూత వేయిస్తున్నాం. సూరయ్య మేస్త్రీ ఇసుకా సున్నమూ గానుగలో ఆడించి తెచ్చి పెట్టుకున్నాడు. నాకు మేస్త్రీ గుర్తు రాలేదు. అడగకముందే తల్లి తట్టెడు పంపిందని చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నాను.

సగం తట్ట తీశాను. అర దిమ్మ బెల్లం కరిగించి ముదురు పాకం పట్టాను. బట్ట దొరకని రోజులు కదా, అత్తగారి పాత చీర చింపి, పొర గుడ్డ, పొర ముద్ద, మళ్లీ పొర గుడ్డ, మడతకాజాలా చుట్టుకుంటూ పోయాను.

"కాలు చాపండి."

"చాపితే నొప్పే. ఇలాగ మడిసుంటేనే బాగున్నాది."

"అయితే అలాగే ఉండండి" అని వీధి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టాను. పట్టు ఆరాలి కదా. అత్తగారు గుడికి వెళ్లారు. ఆయన స్తంభానికి ఆనుకుని కునుకు తీశారు. నేను లోపల వంట చేస్తూ, ఇంత వైద్యం నేర్పిన నాన్నగారిని తలుచుకుని మురిసిపోతున్నాను.

మధ్యాహ్నం కేక వినిపించింది.

"ఒసే, ఇటు రా."

"అన్నం వార్చి వస్తానండీ."

"అన్నం కాదే, సీమలు."

వెళ్లి చూస్తే అరుగు కింద నుంచి మోకాలి దాకా చీమలు జాతరకొచ్చిన జనంలా బారులు తీరాయి.

"దులుపుకోండి."

"పైనున్నవి దులిపీనాను. లోపలికెళ్లినవాటిని ఏటి సెయ్యమంటావు?"

"పోనీ లేచి లోపలికి రండి."

ఆయన లేవబోయారు. మనిషి లేచాడు గానీ కాలు మడత విప్పలేదు. మేస్త్రీల మూలమట్టంలా నిలబడిపోయింది. ఆయన మళ్లీ కూర్చున్నారు. నేను గోటితో కట్టు గీకితే గోరే విరిగింది.

అప్పుడే పెరట్లోంచి సూరయ్య వచ్చాడు. "అమ్మా, నా తట్ట సగమైపోనాది. ఆవు గానీ ముట్టిందేటి?"

నేను తల వంచుకున్నాను. మా ఆయన అన్నారు, "ఆవు కాదు మేస్త్రీ, నా పెళ్లాం. నీ సున్నం ఇదిగో, ఇక్కడున్నాది."

సూరయ్య వంగి తాపీ పిడితో తట్టాడు. ఖణేల్‌మంది. వాడి మొహంలో నవ్వు లేదు, గౌరవం ఉంది.

"బెల్లం కూడా కలిపేవా తల్లీ?"

"కలిపాను."

"ఎంతేటి?"

"అర దిమ్మ."

"మరదే. గోడకి పావు దిమ్మ అడిగితే మీ అత్తగారు ఇవ్వనేదు. ఇది వందేళ్లుంటాది."

"వందేళ్లెందుకురా, నాకు ఎల్లుండి ఆట ఉన్నాది" అన్నారు మా ఆయన.

"ఉలి తెత్తాను బాబూ."

"ఒరే, కాలు నాది."

ఇంతలో అత్తగారు గుడి నుంచి వచ్చారు. కొడుకుని చూశారు, నన్ను చూశారు, కట్టుని చూశారు. "నా సీరే కదా అది" అని, ప్రసాదం నా చేతిలో పెట్టి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి మస్తాన్ సాయిబు కోసం వెళ్లారు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అందుకు ఆవిడకి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

సాయిబుగారు రేకు కత్తెర, చిన్న సుత్తి పట్టుకుని వచ్చారు. చుట్టూ టకటకా తట్టి, సందు దొరికిన చోటల్లా గుడ్డ కత్తిరించి, పెట్టె మూత తీసినట్టు రెండు చిప్పలుగా ఊడదీశారు. ఆముదం దండిగా రాసిన పుణ్యాన చర్మం ఎర్రబడి ఊరుకుంది. కాలు నెమ్మదిగా చాపించి, వెంటనే నొక్కి చూడకుండా ముందు అడగడం మొదలుపెట్టారు.

"వాపు అప్పుడే వచ్చిందా, తెల్లారాకా?"

"తెల్లారేకే."

"మంచిది. లోపల నెత్తురు దిగితే గంటలోనే ఉబ్బుతుంది. టప్‌మని సప్పుడైందా?"

"నేదు."

"మోకాలు మధ్యలో ఇరుక్కుపోతోందా?"

"మా ఆవిడ ఇరికించిందే గానీ, తనంత తనుగా ఇరుక్కోనేదు."

సాయిబుగారు తొడ ఒక చేత్తో, పిక్క ఒక చేత్తో పట్టి అటూ ఇటూ కదిపారు. రెండో కాలూ అలాగే కదిపి పోల్చుకున్నారు. లోపలి పక్క వేలితో నొక్కేసరికి మా ఆయన పెట్టిన కూత మునగపాక దాకా వినపడి ఉంటుంది.

"ఎముకా ఎముకా పట్టుంచే నరం సాగింది. తెగలేదు. అల్లా దయ."

"నూకాలమ్మ దయ" అన్నారు అత్తగారు.

"ఇద్దరి దయా" అన్నాను నేను, మెల్లగా.

"మర్దనా ఎవరు చేశారు?" అన్నారు సాయిబుగారు. నేను ఆముదం చేతులు కొంగు కింద దాచుకున్నాను. "వాపు మీద వేడి వద్దు బేటీ, మర్దనా అసలే వద్దు. కాలు చాపి తలగడ మీద ఎత్తు, చల్లటి తడిగుడ్డ, కదలకుండా పడుకోవడం. మూడు వారాలు అంతే మందు."

మా ఆయన గొంతు తగ్గింది. "ఆదివారం ఆడతాను సాయిబుగారూ. ఒక్క ఆట."

"ఆడు. తరవాత ఇంకెప్పుడూ ఆడే పని ఉండదు."

దాంతో మా ఆయన అసలు సంగతి ఒప్పుకున్నారు. "అమ్మ గుడికెల్లి వచ్చీలోగా ఇసకలోకి పోదామనుకున్నాను. ఓ రెండు కూతలు పెట్టి సూద్దారని. లెగలేకపోనాను."

సాయిబుగారు ఆ రెండు చిప్పలకేసి చూసి, నాకేసి చూశారు. "పోయుంటే సాగింది తెగిపోయేది. అమ్మా, నువ్వు చేసింది వైద్యం కాదు. కానీ మంచి కాపలా."

అప్పుడు ఏడ్చాను. అంతవరకూ ఏడవడానికి తీరిక లేదు.

ఆదివారం ఆయన బల్ల మీద కాలు చాపుకుని ఆట చూశారు. మావాళ్లు ఓడిపోయారు. ఆట అవగానే మునగపాక బావ చెంబుతో నీళ్లు తెచ్చి, మోకాలి మీది గుడ్డ తడుపుతూ అన్నాడు, "నీలు నువ్వియ్యాలి బావా, నేనిత్తన్నాను. బేగి లెగు. నువ్వు నేని ఆటలో గెలిస్తే గెలిసినట్టు నేదు."

మూడు వారాల తరవాత సాయిబుగారు తొడ గట్టిపడాలని కాలికి బరువు కట్టి ఎత్తమన్నారు. మా ఇంట్లో బరువంటే ఏముంది, బెల్లమే. చిన్న దిమ్మ మూట కట్టి చీలమండకి వేలాడదీసి, రోజూ పొద్దున్న నేను విష్ణు నామాలు చదువుతుంటే నామానికొకసారి ఎత్తేవారు. కాబట్టి ఆ మోకాలు బెల్లంతోనే బాగుపడిందని నా వాదన. మరుసటి జాతరకి ఆయన కూత పెట్టారు, మునగపాకవాళ్లు నీళ్లిచ్చారు.

గిన్నెలో మిగిలిన నా ముద్దని సూరయ్య పారెయ్యలేక వీధిగోడ కింది భాగంలో పూశాడు. తరవాత ఆ గోడకి మూడుసార్లు పూత రాలింది, ఆ చోట మాత్రం పెచ్చు ఊడలేదు. సరిగ్గా మోకాలెత్తున ఉంటుంది. మా ఆయన వస్తూ పోతూ వేలితో దాన్ని తట్టి, నాకేసి చూసి, లోపలికి వస్తారు.

అందుచేత నూకాలమ్మ ఎదుట దీపం పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మనిషి మోకాలికీ తట్టలో సున్నం ముట్టుకోను, డబ్బీలో సున్నం తప్ప.

పక్కనుంచి ఇది చదివి ఆయన, "డబ్బీలోది కూడా వద్దే" అంటున్నారు. సరే, అదీ మానేశాను.