అడిగి మోసిన వెట్టి

నిజాం సర్కారు లెక్కలో 1353 ఫసలీ, అంటే 1943 చివరి చలికాలంలో, నన్ను హుజూర్‌నగర్ తాలూకాకు టీకాదారుగా వేశారు. మశూచి టీకాలు వేసే మాది శాఖలో అట్టడుగు మెట్టు. అయినా ఊళ్లోకి వస్తే జనం పులిని చూసినట్టు చూసేవారు. మశూచిని అమ్మవారని కొలిచే తల్లులు పిల్లల్ని అటకల మీద దాచేవారు. మందు గొట్టాలు, స్పిరిటు దీపం, సూదులు ఉన్న పెట్టెను ఊరి నుంచి ఊరికి మోయడం వెట్టి. కూలి ఉండదు. వంతు వచ్చినవాడు తిట్టుకుంటూ మోసేవాడు. తిట్టుకోవడంలో తప్పు లేదు.

మేళ్లచెరువుకు బయలుదేరిన పొద్దున వంతు మనిషి బదులు రామనర్సయ్య అనే రైతు వచ్చాడు. సొంత నాగలి ఉన్నవాడు. నీకెందుకయ్యా ఈ ఖర్మ అని కసిరాను. భార్య జ్వరంతో పోయిందనీ, అత్తమామలు బిడ్డను మేళ్లచెరువుకు తీసుకుపోయి మళ్లీ పంపలేదనీ, ఊళ్లో అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతామన్నారనీ చెప్పాడు.

“సర్కారు పెట్టె నెత్తిమీదుంటే నన్ను ఆపరు సారూ. జర నా బిడ్డను సూసుకుంట.”

నిజమే. సర్కారు పెట్టెను ఆపే ధైర్యం ఏ పటేలుకూ లేదు. సరేనన్నాను.

చావడి దగ్గర పిల్లల్ని వరుసగా నిలబెట్టాం. ఆయన కూతురు రాజమ్మ తాత చెయ్యి పట్టుకుని వచ్చింది. పెట్టె పక్కన తండ్రిని చూడగానే తాత వెనక్కి నక్కింది.

“గాయన మా అమ్మను సంపిండు. అవ్వ చెప్పింది.”

నాకు ఒళ్లు మండి తాతను నిలదీయబోయాను. రామనర్సయ్య వద్దని సైగ చేసి దీపం వెలిగించాడు. అబద్ధమని ఎందుకు చెప్పలేదని తిరుగుదారిలో అడిగాను.

“చెప్తే అవ్వ అబద్ధాలాడిందని అయితది. తల్లి ఎట్లాగు లేదు. అవ్వ గూడ పోతే పిల్ల ఎవల పక్కన పండుకుంటది సారూ?”

కొంత దూరం పోయాక పెట్టె దించి, బాట పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

టీకా వేసిన వారానికి మళ్లీ వెళ్లి పొక్కు లేచిందో లేదో చూడాలి. లేవకపోతే తిరిగి వేయాలి. అప్పుడూ ఆయనే మోశాడు. పిల్ల నాకు చెయ్యి చూపించింది, ఆయన వైపు చూడలేదు. మరుసటి ఏడు కూడా ఆయనే వచ్చాడు. పిల్ల తాత వెనక్కి నక్కలేదు గానీ దూరంగానే నిలబడింది.

మూడో ఏటికి ఊళ్లల్లో వెట్టికి ఎదురుతిరిగిన రైతుల సంఘం లేచి వెట్టి బందయింది. పీడ పోయింది. పెట్టె నేనే ఎత్తుకోబోతుంటే రామనర్సయ్య వచ్చాడు. ఇంక ఎవ్వనికీ మొయ్యొద్దన్నం గదా అని సంఘం కుర్రాళ్లు అడ్డం వచ్చారు.

“సర్కారుకు మోస్తలేను. నా బిడ్డ కాడికి మోస్తున్న.”

వాళ్లు దారి ఇచ్చారు.

ఆ రోజు ఆయన చావడి దగ్గర పెట్టె దించేసరికి రాజమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. చేతికియ్యలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెట్టి, పోయి అరుగు మీద కూర్చుని చూసింది. ఒక చెంబెడు నీళ్లు ఎంతసేపు తాగవచ్చో రామనర్సయ్య అంతసేపు తాగాడు.

తర్వాత నాకు బదిలీ అయింది. పిల్లకు ఎక్కించిన భయాన్ని వాదించి దించలేమని అక్కడ నేర్చుకున్నాను. ఎవరినీ తిట్టకుండా, మళ్లీ మళ్లీ కనబడుతూ ఉండాలి. పొక్కు లేవడం టీకా వేసినవాడి చేతిలో లేదు. వెళ్లి చూడటం వరకే వాడి పని.