అల్లుడి చేతి సాయం

మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా, మా అత్తగారు నా ఎదుట కుర్చీలో కూర్చుని ఎరగరు. నేను హాల్లోకి వస్తే లేచి వంటింటి గుమ్మం వెనక్కి తప్పుకునేవారు. అలాగని మాట్లాడరని కాదు. గుమ్మం అవతల నుంచే "బాబుగారూ, కాఫీ చల్లారిపోతోందండీ" అనేవారు. వానలు పడితే, "కొల్లేట్లోకి నీళ్ళు బాగా దిగుంటాయంటారా?" అని అడిగేవారు. ఆవిడ పుట్టిందీ కాపరం చేసిందీ కొల్లేటికోటలోనే. మామగారు అక్కడి బడిలో మాస్టారు. ఆయన పోయాక, మా ఆవిడ ఒక్కతే కూతురు కాబట్టి, ఏలూరులో మా ఇంటికి వచ్చేశారు.

వచ్చిన కొన్నాళ్ళకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట మాత్రం మిగిలింది, కాస్త ముద్దగా. దెందులూరు నుంచి ఒక ఆయా రోజూ బస్సులో వచ్చి సాయంత్రం దాకా చూసుకునేది. ఆ తర్వాత మా ఆవిడ. ఆ గది పనుల్లో నాకు భాగం లేదు. మందులు తేవడం, డాక్టరుకి ఫోన్ చెయ్యడం వరకే నా వంతు. ఆ మాత్రానికే "అత్తగారిని కన్నతల్లిలా చూసుకుంటున్నారండీ" అని ఎవరైనా అంటే, నిజమేనన్నట్టు తల ఊపేవాణ్ణి.

తాడేపల్లిగూడెంలో మా చుట్టాలింట పెళ్ళికి వెళ్ళి, కల్యాణమండపం మెట్ల మీద జారి మా ఆవిడ కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతి పైదాకా కట్టు వేశారు. అదే వారంలో ఆయా తన కూతురికి నెలలు నిండాయని, పురుడయ్యేదాకా రాలేనని చెప్పి వెళ్ళిపోయింది. మా అమ్మాయి పెళ్ళయి దూరంగా ఉంటోంది. ఇంకొకరి కోసం తెలిసినవాళ్ళందరినీ అడిగాం. చూస్తామన్నారే గాని ఎవరూ దొరకలేదు. డైపర్లు వాడి చూస్తే రెండు రోజులకే ఒళ్ళు ఒరిసిపోయి పుండ్లు పడ్డాయి.

ఆ రోజు పొద్దున్న నేను పేపరు చూస్తుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏవండీ, అమ్మని కమోడ్ కుర్చీలోకి దించాలి. ఒంటి చేత్తో నావల్ల కావట్లేదు."

"నేనా?" అన్నాను.

"మరింకెవరున్నారండీ ఇంట్లో?"

లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది. "ఆయన్ని పిలవకే తల్లీ. నాకేం అక్కర్లేదు. తర్వాత చూద్దాంలే."

తర్వాత అనే వ్యవధి లేకపోయింది. నేను గుమ్మం దగ్గర తటపటాయిస్తుండగానే పక్క తడిసిపోయింది. మా ఆవిడ నా వంక చూసిన చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. లోపలికి వెళ్ళాను. అత్తగారు పనిచేసే చేత్తో తలగడ మీది తువ్వాలు లాక్కుని మొహం కప్పుకున్నారు. ఆవిడ చంకల కింద చేతులు వేసి ఎత్తాను. అంత బరువుంటారనుకోలేదు. ఎత్తుతూ గోడ మీది క్యాలెండరు వంకే చూస్తూ నిలబడ్డాను. శుభ్రం చేస్తుంటే మా ఆవిడ ఎడమ చేతిలోంచి మగ్గు జారి పడింది. మగ్గు నేను తీసుకోవలసి వచ్చింది. తువ్వాలు కింద అత్తగారు ఏడుస్తున్నారని భుజాల కదలిక వల్ల తెలిసింది.

బయటికొచ్చి చేతులు చాలాసేపు కడుక్కున్నాను. అసహ్యం అని చెబితే అది నిజం కాదు. చిన్నప్పుడు నాన్న చొక్కా లేకుండా నీరసంగా పడుకుని ఉంటే కూడా చూడలేక బయటికి పోయేవాణ్ణి. పెద్దవాళ్ళ ఒళ్ళు మనం చూడకూడదనే సిగ్గు అది. ఇక్కడ పైగా ఆవిడ అత్తగారు, నేను అల్లుణ్ణి.

ఆ రోజంతా నేను పిలుపు కోసం భయపడుతూనే ఉన్నాను. సాయంత్రం ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత పిలుపులు తగ్గిపోయాయి.

"అమ్మ ఇవాళ పొద్దుట్నుంచీ ఒక్కసారే అడిగిందండీ" అంది మా ఆవిడ.

"ఒంటికి అలవాటైందేమోలే" అన్నాను. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఆవిడకి చెప్పలేదు.

మంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు మార్చడం కూడా అప్పుడు నా పనే. ముందు రోజు పెట్టిన గ్లాసు అలాగే నిండుగా ఉండేది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి వాకిట్లో మందారం మొదట్లో పోసి, కొత్త నీళ్ళు నింపి పెట్టేవాణ్ణి. ఎందుకు తాగలేదని అడగాలని తోచలేదు. తోచనివ్వలేదేమో కూడా. అడిగితే తాగుతారు, తాగితే పిలుస్తారు.

ఒక మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్ళేసరికి అత్తగారు తువ్వాలు లేకుండా సూటిగా నా మొహంలోకి చూశారు. ఆవిడ కళ్ళు నిండుగా చూడడం నాకదే మొదలు.

"ఒరే తమ్ముడూ, దోనె ఇంకా తేలేదేంట్రా? చీకటి పడిపోయిందిగా!" అన్నారు.

పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. నుదురు కాలిపోతోంది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి "అమ్మా! అమ్మా, ఈయన తమ్ముడు కాదే" అంటే ఆవిడకి ఎక్కలేదు. "నువ్వుండవే. వాడు గట్టు దాకా దిగబెడతాడు" అన్నారు. నేను ఎత్తుకుంటే ఏ మాత్రం బిగుసుకోకుండా నా మెడ చుట్టూ చెయ్యి వేశారు. ఆటోలో ఆస్పత్రికి వెళ్ళేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

డాక్టరమ్మ చూసి సెలైన్ పెట్టించింది. "ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవండీ. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. అందుకే ఈ పలవరింత. నీళ్ళు తాగించట్లేదా?" అని నన్నే అడిగింది. మా ఆవిడ "ఇస్తూనే ఉన్నామండీ" అంది. ఇస్తున్న మాట నిజమే. నేను కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను.

వరండా బెంచీ మీద కూర్చున్నాక మా ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. కొల్లేరు పొంగినప్పుడు ఇంటి చుట్టూ నీళ్ళే. ఆడవాళ్ళు అవసరానికి వెళ్ళాలంటే చీకటి పడ్డాక ఎవరో ఒకరు దోనెలో గట్టు మీదికి తీసుకెళ్ళాలి. అందుకని పగలంతా గుక్కెడు నీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదట. "అమ్మకి అది చిన్నప్పటి నుంచి అలవాటేనండీ. నాకు తెలిసి ఉండీ తట్టలేదు" అని ఏడ్చింది. గ్లాసు సంగతి అప్పుడు చెప్పాను. తను ఏమీ అనలేదు. అంటే బావుండేది.

జ్వరం తగ్గి తెలివి వచ్చాక అత్తగారికి నేను మళ్ళీ అల్లుణ్ణయిపోయాను. తువ్వాలు మొహం మీదికి వచ్చేసింది. ఇంటికి తెచ్చాక ముదినేపల్లి నుంచి మా ఆవిడ పిన్ని చూడ్డానికి వచ్చింది. హాల్లో కూర్చుని గట్టిగా, "అల్లుడి చేత ఇవన్నీ చేయించుకునే రాత ఎవరికుంటుందే! దేవుడులాంటి మనిషి" అంది. ఆ మాట లోపలి గదికి వినపడింది. ఆ పూట అత్తగారు అన్నం ముట్టలేదు. మా ఆవిడ ఎంత చెప్పినా పెదవి విప్పలేదు.

చివరికి నేనే వెళ్ళి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, రేపు నేను పడిపోతే నన్ను ఎవరెత్తుతారంటారు? మీ మనవరాలి మొగుడేగా" అన్నాను.

తువ్వాలు కింద నుంచి, "ఆ అబ్బాయి మంచివాడేనండీ" అన్నారు.

"మంచివాడే. కానీ అతను నన్ను కడగడం తలుచుకుంటే ఇప్పుడే సిగ్గుతో చచ్చిపోతున్నానండీ."

తువ్వాలు కొంచెం కిందికి జరిగింది. "అయితే మీరూ మంచినీళ్ళు మానేస్తారా?"

"మానేస్తానేమో."

ఆవిడ మూతి ఒక పక్కకి లాగి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు గ్లాసు నిండుగా ఉండడం చూసి కూడా ఊరుకున్నానని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "మీరు ఊరుకోవాలనే కదండీ నేను తాగలేదు" అన్నారు. ఆ మాట నన్ను క్షమించడానికి అన్నారో, నిజం అన్నారో తెలియదు. ఎలా అన్నా నా తల పైకి లేవలేదు.

నోటితో అడగడమే ఆవిడకి అన్నిటికన్నా కష్టమని ఆ రోజు తెలిసింది. అందుకని మంచం పక్కన ఒక స్టీలు చెంచా పెట్టాం. అవసరమైతే మంచం ఊచ మీద తట్టాలి, అంతే. ఎవరూ ఎందుకని అడగరు. నేను వెళ్ళే ముందు గుమ్మం దగ్గర దగ్గుతాను, ఆవిడ తువ్వాలు కప్పుకుంటారు. నేను క్యాలెండరు వంక చూడ్డం మానేశాను. చూడకుండా చేస్తే ఆవిడకి ఎక్కడో ఒకచోట నొప్పి పెడుతోంది.

మా ఆవిడ చేతి కట్టు ఆస్పత్రిలో విప్పేశారు. ఆయా కూడా మనవణ్ణి ఎత్తిన సంతోషంలో తిరిగి వచ్చింది. నాకూ అత్తగారికీ మధ్య ఉన్న సిగ్గు మాత్రం పోలేదు. పూర్వం గుమ్మం వెనక నుంచి వినపడే మాటలు బాగా తగ్గిపోయాయి. ఒకరి ముందు ఒకరం ఏం దాచుకోవాలో తెలియక ఇద్దరం తడబడతాం. ఆయా ఇప్పుడు ఆదివారాలు రాదు, మిగతా రోజుల్లో సాయంత్రం వెళ్ళిపోతుంది. మా ఆవిడ ఇంకా బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పారు కాబట్టి, అప్పుడు చెంచా మోగితే నేనే వెళ్తున్నాను.