చిన్నాన్న జీపుకి నేను చేసిన డీజిల్

ఆ రోజుల్లో పుస్తకంలో ఏ కొత్త సంగతి చదివినా, దాన్ని ఇంట్లో చేసి చూసేదాకా నాకు అన్నం సయించేది కాదు. నాన్న స్టీలు ప్లాంటులో పనిచేసే భిలాయిలో, తొంభైల నాటి మాట. బి.ఎస్సీ. అప్పుడే అయింది. రాయపూర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదవాలని నా పట్టు, టైపు నేర్చుకుని ఏదైనా ఆఫీసులో కుదురుకోమని నాన్న పట్టు. వాడేసిన వంటనూనెతో డీజిల్ బండ్లు నడిచే ఇంధనం చేయవచ్చని చదివి, భోంచేస్తున్న నాన్నతో గొప్పగా చెప్పాను. "అయితే మీ చిన్నాన్న జీపు నడిపించు సూద్దాం. నడిస్తే నిన్ను రాయపూర్ పంపిస్తాను" అన్నారు. (నడవదని ఆయన ధీమా, నడుస్తుందని నా పొగరు.)

మార్కెట్‌లో సమోసాలు వేసే భయ్యాని నల్లబడ్డ నూనె అడిగితే, "దీదీ, ఇస్ కాలే తేల్ కా క్యా కరోగీ?" అని, ఈ నల్ల నూనెతో ఏం చేసుకుంటానో అన్నట్టు జాలిగా చూసి ఊరికే ఇచ్చేశాడు. వడకట్టి, నీరంతా పోయేలా కాచి, చల్లార్చి, అమ్మ ఇచ్చిన డబ్బాలో పోశాను. మిథనాల్‌లో కాస్టిక్ సోడా కరిగించి అందులో కలిపాను. తెల్లారేసరికి పైన తేటగా ఇంధనం తేలుతుందని, అందాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ జారీ చేశాను.

మర్నాడు నాన్న డ్యూటీలో ఉండగానే పక్క ఊరు చరోదా నుంచి చిన్నాన్న జీపు వేసుకుని వచ్చారు, వెంట తనతో రైల్వేలో పనిచేసే ఇద్దరు స్నేహితులు. వీధిలో వాళ్ళూ గుమిగూడారు. నేను ఠీవిగా మూత తీశాను. లోపల గోధుమరంగులో, గరిటె గుచ్చితే నిలబడేంత గట్టి ముద్ద! చిన్నాన్న తొంగిచూసి, "ఏటే ఇది? దీన్ని పోస్తే నా జీపు నడవదు, తానం సేస్తాది" అన్నారు. నేను అమ్మకేసి చూశాను. "నన్ను సూస్తావేటి? డబ్బా జిడ్డుగా ఉందని శుబ్బరంగా కడిగే ఇచ్చినాను" అంది. కడిగింది సరే, తుడవలేదు. (నేనూ చూసుకోలేదు.) అడుగున మిగిలిన నీళ్ళకి, నల్ల నూనె కదా అని నేను ఎక్కువేసిన సోడా తోడై డీజిల్ కాస్తా సబ్బయింది. ఇక రాయపూర్ లేనట్టేనని అందరి ముందూ భోరుమన్నాను.

అమ్మకి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. ఆ ముద్దలో కొంత వేడినీళ్ళలో వేసి, చేతులు మండుతాయని కర్రతో తిప్పుతూ నాన్న ప్లాంటు బట్టలు నానబెట్టింది. ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని రోలింగ్ మిల్లు గ్రీజు ఆ పూట వదిలింది. నాన్న చొక్కా అసలు రంగు నీలమని నాకు తెలిసింది అప్పుడే. పక్క క్వార్టరు ఆంటీ గిన్నెతో వచ్చేసింది, "బేటీ, థోడా ముఝే భీ దేనా" అని తనకీ కాస్త పెట్టమంటూ.

సాయంత్రం నాన్న వచ్చి, తీగ మీది చొక్కాని తిప్పి తిప్పి చూశారు. "ఇది నువ్వు సేసిందేనేటి?"

"డీజిల్ చేయబోయాను నాన్నా" అన్నాను ముక్కు చీదుతూ.

ఆయనకి నవ్వు ఆగలేదు. "తప్పుగా సేస్తేనే ఇంత పనికొచ్చింది, సరిగ్గా నేర్చుకుంటే ఏటవుద్దో! ఎల్లు, రాయపూర్ ఎల్లు. కానీ ఇలాటియన్నీ అక్కడే సెయ్యి తల్లీ, ఇంట్లో వొద్దు."

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలు ఏటేటా ఇదే ప్రయోగం చేస్తారు. అన్నీ ఆరబెట్టి, తూచి, చక్కగా తేటైన ఇంధనం తీసి చూపిస్తారు. మెచ్చుకుంటాను, మార్కులూ వేస్తాను. అయినా వాళ్ళు మూతలు తీసేటప్పుడు, ఎవరో ఒకరిదైనా గడ్డకట్టి ఉంటే బాగుణ్ణని లోలోపల ఆశపడతాను. పంతులమ్మకి ఉండవలసిన ఆశ కాదని తెలుసు.