ఈడువాళ్ళంతా పోయేదాకా

మా మనవరాలు దువ్వాడ దగ్గర కాలేజీలో లా చదువుతోంది. మొన్న ఆదివారం భోజనాలయ్యాక, క్లాసులో తను మాట్లాడాల్సిన విషయమంటూ ఒక పుస్తకం తెచ్చి నాకు చదివి వినిపించింది. సుల్తానుల కాలంలో కత్తీ ఖజానా సుల్తాను చేతిలో ఉండేవట గానీ చట్టం ఆయన రాసింది కాదట. ఖాజీని కొలువులో పెట్టేది సుల్తానే అయినా, పెట్టాక ఆ ఖాజీ సుల్తాను ముఖం చూడకుండా షరీఅత్ అనే మతచట్టం చూసి తీర్పు చెప్పాలట. మరి ఏలేవాడు మన మతంవాడు కానప్పుడు ఖాజీకి అధికారం ఎక్కడినుంచి వస్తుందని మతపండితులు తరాల తరబడి తర్జనభర్జన పడ్డారని చెప్పి, దీని గురించి నీకేమైనా తెలుసా నానీ అని అడిగింది. తెలియదనే దాని ధీమా. బళ్ళో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినదానికి సుల్తానుల గొడవ ఏం తెలుస్తుందిలే అనుకుని ఉంటుంది. ఆ తర్జనభర్జన నా పదిహేడో ఏట వన్ టౌన్‌లో, మా నానా ఇంట్లో, మా ఖాలా పెళ్ళి మీద జరిగిందంటే పుస్తకం మూసేసి నా పక్కన కూర్చుంది.

నానా అంటే మా అమ్మీ వాళ్ళ నాన్న. కింద తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే దుకాణం, పైన ఇల్లు. పోర్టులో ఓడ కూత పెడితే మా వంటింట్లో గిన్నెలు సన్నగా అదిరేవి. ఆ సందుల్లో పెరిగినవాళ్ళకి జనపనార వాసనా, ఉప్పుగాలీ, అత్తరూ కలిసి వచ్చే ఆ గాలి ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఆటోల పొగ తప్ప ఇంకేమీ తెలియడం లేదు, లేదా నా ముక్కే మొద్దుబారిందేమో.

ఖాలా అమ్మీకి చెల్లెలు. ఆవిడ భర్త, మా ఖాలూ, సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. పెళ్ళయిన మరుసటి ఏడే, ఏదో దూరదేశపు రేవులో ఓడ ఆగినప్పుడు సాయంత్రం ఊళ్ళోకని దిగినవాడు మళ్ళీ ఓడ ఎక్కలేదు. పోయాడని చెప్పినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళూ లేరు. తాళ్ళు కొనడానికి వచ్చిన ప్రతి ఓడమనిషినీ నానా అడిగేవారు. అలా ఏళ్ళు గడిచాయి. ఖాలా చేతికి గాజులు వేసుకుంటే ఎవరికోసమనేవాళ్ళు కొందరు, తీసేస్తే మొగుణ్ణి నోటితో చంపేస్తోందనేవాళ్ళు ఇంకొందరు. పండగొస్తే చాలు, ఆ గాజుల దగ్గర ఖాలా చెయ్యి ఆగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఖాలూకి చిన్నప్పటి స్నేహితుడొకాయన ఉండేవాడు, మేము మామూ అనేవాళ్ళం. చేపల రేవులో మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు, భార్య పోయింది. ప్రతి శుక్రవారం నమాజయ్యాక, ఏమైనా కబురు తెలిసిందా అని దుకాణానికి వచ్చేవాడు. కొన్నేళ్ళకి ఆయన కబురు కోసమే రావడం లేదని ఇంటిల్లిపాదికీ అర్థమైంది. చాటుమాటు వ్యవహారం కాదు, ఖాలాని చేసుకుంటానని ఆయనే నానా ముందు తలవంచుకుని అడిగాడు. ఖాలా ఒద్దనలేదు. మా ఇంట్లో ఒద్దనకపోవడమంటే సరే అన్నట్టే.

నానాకి ఒక వకీలు స్నేహితుడు ఉండేవారు, శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం, ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోతే పెళ్ళి రద్దు చేయమని ముస్లిం ఆడమనిషి కోర్టుకి వెళ్ళొచ్చు, అందుకు చట్టం ఉందని ఆయనే చెప్పి, ఆయనే కేసు వేసి గెలిపించారు. ఆ రోజు మా నానీ, అంటే అమ్మమ్మ, సేమ్యా వండింది. నానా ముట్టుకోలేదు. పన్నుల విషయంలో, అద్దెల విషయంలో కోర్టు ఏమంటే అదేనని ఒప్పుకునే మనిషి; ఆ జడ్జిగారి మీద కూడా ఆయనకి గౌరవమే. కానీ అల్లా పేరు మీద పడిన ముడిని మన దీన్‌కి, మన మతానికి చెందని జడ్జి విప్పితే అల్లా దగ్గర విడినట్టేనా, రేపు నా కూతురు చేసుకునే నికా నికాయేనా అన్నది ఆయన దిగులు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, సివిక్స్ పుస్తకం తలకెక్కి ఉంది, రాజ్యాంగం గురించి ఆయనకి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. నానా అంతా విని, లేచి నమాజుకి వెళ్ళిపోయారు. చివరికి దారి చూపింది వకీలుగారే.

"కోర్టు కాగితం సెల్లదని ఎవులైనా అంటే నాను కొట్లాడతాను బావా. గానీ నీకు నిద్దరట్టాల గదా. ఆ హజ్రత్‌ని కూడా ఒకపాలి అడిగీ."

మసీదులో నమాజు చదివించే హజ్రత్ వచ్చి, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. మనం ఎవరి దారిలో నడుస్తామో ఆ తొలినాటి ఇమాంగారి పాత గ్రంథాల ప్రకారం, తప్పిపోయినవాడి ఈడువాళ్ళంతా పోయేదాకా భార్య ఎదురుచూడాలి. అప్పుడుగానీ అతనూ పోయాడని అనుకోకూడదు. మామూ కూడా అక్కడే, గది మూల కూర్చుని ఉన్నాడు. పరదా వెనకనుంచి నానీ గొంతు వినిపించింది.

"మరైతే ఈ అబ్బాయీ మా అల్లుడి ఈడోడే గదా హజ్రత్. ఈ అబ్బాయి కూడా పోయేక పిల్లని ఎవలికిచ్చి నికా సేత్తారు?"

ముందు నవ్వింది హజ్రతే. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పాత లెక్కే పట్టుకుని ఉంటే, ఖాలూ ఈడువాళ్ళలో ఆఖరివాడు పోయింది నిరుడు; అప్పటికి ఖాలాని మట్టిచేసి ఎన్నేళ్ళో అయింది. ఈ కష్టం పెద్దలకి ముందే తెలుసట. అందుకే మన దేశంలో ఆలిములు, అంటే మతపండితులు, ఈ ఒక్క విషయంలో వేరే శాఖవారైన మదీనా ఇమాంగారి దారి పట్టి నాలుగేళ్ళు చాలన్నారని, అధికారమున్న ఖాజీ లేని చోట నమ్మకస్తులైన కొందరు ముస్లింలు కూర్చుని విచారిస్తే అదే ఖాజీ తీర్పుతో సమానమని హజ్రత్ చెప్పారు. అలా మా మేడగదిలో పెద్దలు కూర్చున్నారు, పరదా ఇవతల ఖాలా, పక్కన నేను. కోర్టులో అడిగినవే మళ్ళీ అడిగారు. ఖాలా పరదా ఇవతలినుంచే చెప్పింది.

"జడ్జీగారి కాడ ఒక మాటా, మీ కాడ ఇంకో మాటా నాకు లేదు. రెండు సోట్లా నాను సెప్పింది ఒకటే, ఆయన రాలేదు."

పెళ్ళి రద్దయిందన్నారు. అయితే భర్త పోయిన ఆడది కూర్చున్నట్టు నాలుగు నెలల పది రోజులు, నగలు పెట్టుకోకుండా ఇల్లు కదలకుండా, ఇద్దత్ కూర్చోవాలన్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది చాలదా, మళ్ళీ ఇదొకటా అని నేను అమ్మీ మీద విరుచుకుపడ్డాను. కానీ ఇద్దత్‌లో కూర్చున్న మొదటి రోజే ఖాలా గాజులు తీసి పక్కన పెట్టి ఏడ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు. అంతవరకూ ఏడిస్తే అపశకునమని ఎవరూ ఏడవనివ్వలేదు మరి. కోర్టు ఇవ్వలేనిది ఒకటి ఆ ముసలాళ్ళు ఇచ్చారని, నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవలసి వచ్చింది.

నికా ముందు హజ్రత్ మామూని పిలిచి ఇంకొక మాట చెప్పారు. తప్పిపోయినవాడు ఎప్పుడైనా తిరిగొస్తే, కోర్టు లెక్కలో ఈమె నీ భార్యే, మన పెద్దల్లో చాలామంది లెక్కలో మాత్రం అతని భార్య. మామూ విని, ఒప్పుకుంటున్నానని కబూల్ అన్నాడు. ఆనాటినుంచి నేను ఆయన్ని ఖాలూ అనే పిలిచాను. పోర్టుకి పైదేశం ఓడ వచ్చినప్పుడల్లా ఆయన గేటు దగ్గర నిలబడి, దిగినవాళ్ళని తన స్నేహితుడి గురించి అడుగుతూనే ఉన్నాడు, నడవగలిగినన్నాళ్ళూ. వస్తే తనకి నష్టమని తెలిసి కూడా అడిగిన మనిషి ఆయన.

నిజంగా వచ్చుంటే ఏ చట్టం నిలిచేది నానీ అంది మనవరాలు. ఆ మాట నేను ఖాలానే, ఆవిడ ముసలితనంలో ఒకసారి అడిగాను. బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఒస్తే ముందు అన్నం ఎడతాను. ఎవల సట్టం ఏటంతాదో ఆ మీద సూసుకుందుం."

ఇది ఏ పుస్తకంలో ఉందని రాయాలి అని మనవరాలు నవ్వింది. రాయొద్దులే అన్నాను. నానా లేరు, వకీలుగారూ హజ్రతూ లేరు, దుకాణం ఉన్న చోట ఎవరిదో గోడౌను లేచింది. మతం చట్టం పెద్దదా, సర్కారు చట్టం పెద్దదా అని ఆ రోజుల్లోనూ కొట్టుకున్నారు గానీ, నానా భయమైనా, హజ్రత్ వెతుకులాటైనా, వకీలుగారి పట్టుదలైనా అన్నీ పరదా వెనక కూర్చున్న ఒక మనిషి కోసమే. ఇప్పుడు టీవీ పెడితే ఆ రెండు చట్టాలూ నాకు బాగానే కనబడతాయి, వాటి తరఫున గొంతు చించుకునేవాళ్ళూ కనబడతారు. మధ్యలో ఉండాల్సిన ఆవిడే ఎంత వెతికినా కనబడదు, ఏమైపోయిందని అడిగేవాళ్ళూ లేరు.