లవంగ నూనె వాసన

బార్కస్ నుంచి సైదాబాద్ పోయే బస్సులో బురఖా వేసుకున్న ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. సంచిలకెల్లి చిన్న సీసా తీసి, మూత విప్పి, కండ్లు మూసుకొని వాసన చూసింది. లవంగ నూనె ఘాటు నా దాకా వచ్చింది.

"పన్ను నొస్తుందా అమ్మా?" అని అడిగిన.

"లేదు బేటీ. పోయినేడు జ్వరమొచ్చినప్పటి సంది నాకు ఏ వాసనా తెలుస్తలేదు. కూర మాడినా తెల్వదు. డాక్టర్ సాబ్ రోజూ పొద్దున, సాయంత్రం గిట్ల పీల్చమన్నడు."

నేను సీసా చూద్దామని చెయ్యి చాపితే ఆమె వెనక్కి తీసుకుంది.

"వేలికి అంటనియ్యకు, మండుతది. పిల్లలు నోట్లో పోసుకుంటే పాణం మీదికొస్తది. ఇంట్ల ఎవరికీ అందకుండ దాచిపెడుత."

"ఏమన్న ఫాయిదా ఉందా?"

"ఇంకా ఏం లేదు. అయినా విడువను."

సంతోష్‌నగర్‌ల ఎవరో ఎక్కిన్రు. బస్సు కదిలినంక ఆమె ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"బేటీ, మల్లెపూలా?"

తిరిగి చూసిన. మా వెనక సీట్ల ఒకామె జడ నిండ మల్లెలున్నయి.

"అవునమ్మా, మల్లెలే!"

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దిగే దాకా నా చెయ్యి విడువలే.

"నా మనవరాలు పుట్టి మూడు నెలలాయె. దాని తల వాసన ఎట్లుంటదో నాకింకా తెల్వదు," అని నవ్వి, గబగబ దిగిపోయింది.