దూది పాలపండ్లు

ఆ రోజుల్లో మా లక్సెట్టిపేటలో మనుషుల వయసు అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పేవారు కాదు గానీ, ఎద్దు వయసు మాత్రం మా బాపు దాని పెదవి ఎత్తి చూసి ఇట్టే చెప్పేవాడు. ఆయనది ఎడ్ల దలాలీ. పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగు పండ్లా అన్నది బాపు నోట వచ్చిందంటే పశువుల అంగడిలో అమ్మినవాడూ కొన్నవాడూ తలూపాల్సిందే. పండ్ల విషయంలో బాపు అబద్ధమాడగా విన్నవాళ్లు లేరు. అలాంటి మనిషి చేత అబద్ధమాడించిన ఘనత నాదే. అప్పటికి నాకు పన్నెండేండ్లు.

మందమర్రి బొగ్గుబాయి ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ, ఒక తెల్ల బొచ్చుకుక్క పిల్లను బాపు చేతిలో పెట్టిపోయాడు. పిడికెడంత ఉంది. దూది అని పేరు పెట్టాను. అవ్వకు, అంటే మా అమ్మకు, ఇంట్లో కుక్క తిరగడం గిట్టదు. నేను రెండు పూటలు అన్నం ముట్టకపోతే (నిజానికి ఒక పూటే, రెండో పూట దొంగచాటుగా అటుకులు తిన్నాను) ఒక మెట్టు దిగి తీర్పు చెప్పింది. "పాలపండ్లు ఉన్నన్ని దినాలు ఇంట్ల ఉండనీ. ఊడినంక పెద్దదైనట్టే. మీ మామ మక్కచేనుకు కావలి పోవాలె." అడవిపందులు పడే చేనుకు దూది కావలి! వాటికి అది ఒక్క ముద్దకు కూడా చాలదు. పండ్లు చూసే పని బాపుది. వారం వారం అంగడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని దూది పెదవి ఎత్తేవాడు.

ఇక నా పరేషానీ చూడాలి. పండ్లు కదలకూడదని రొట్టెను పాలలో నానబెట్టి పెట్టాను, మాంసపు బొక్క అన్నది దాని కంట పడనీయలేదు, బాపు చెప్పులను అటకెక్కించాను. ఆరు నెలలు దాటినా కోరలు ఊడలేదు. ఊడకపోగా వాటి పక్కనే కొత్త కోరలు మొలిచాయి. రెండేసి కోరల ఆ నోరు చూసి బాపు ముఖం చిన్నబోయింది. ఇన్నేండ్లలో ఇలాంటిది చూడలేదట. సిగ్గు విడిచి పశువుల డాక్టరును అడిగాడు. చిన్నజాతి కుక్కలకు పాలపండ్లు ఆలస్యంగానే ఊడతాయని, ఇంకా ఊడకపోతే పీకాల్సి వస్తుందని ఆయన చెప్పాడు.

పీకే అవసరం రాలేదు. ఒక పొద్దున పెరట్లో దూది నా గౌను అంచు పట్టి గుంజుతుంటే సన్నటి కోర ఒకటి బట్టలో చిక్కి ఊడి వచ్చింది. ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి మీదికి విసిరితే మళ్లీ మొలుస్తుందని మా పిల్లల నమ్మకం. మళ్లీ పాలపన్నే రావాలని మొక్కుకుని బలం కొద్దీ విసిరాను. ఆ ముద్ద పెంకుల మీదుగా అవతలికి దొర్లి, వాకిట్లో మట్టి గద్దె మీద కూర్చున్న బాపు ఒళ్లో పడింది.

నేను పరుగెత్తి వచ్చేసరికి తుమ్మముల్లు లాంటి ఆ కోరను వేళ్ల మధ్య తిప్పి చూస్తున్నాడు. పక్కనే బియ్యం చెరుగుతున్న అవ్వ చేట ఆపి అడిగింది.

"గా పన్ను ఎవలిది?"

"నాది" అన్నాను. (నా పాలపండ్లు ఎప్పుడో ఊడిపోయాయి.)

బాపు నన్ను దగ్గరికి పిలిచి నోరు తెరవమన్నాడు. ఎద్దును చూసినట్టే నా పెదవి ఎత్తి, గదవ పట్టి అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు. నా కండ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు అవ్వ వైపు తిరిగి, అంగడిలో చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"మన పిల్లదే. ఇంకా పాలపండ్లే ఊడుతున్నయి."

దూది మా ఇంట్లోనే పదమూడేండ్లు బతికింది. (అవ్వ నమ్మిందనుకున్నాం నేనూ బాపూ, అంత తెలివి మాది. మర్నాటి నుంచి దానికి రొట్టె నానబెట్టింది అవ్వే.) ఇప్పుడు నా పండ్లు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి. మొన్న పండ్ల డాక్టరు నా పెదవి ఎత్తగానే నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకమ్మా నవ్వుతున్నారని అడిగాడు.

మా బాపు ఉంటే ఇంకా పాలపండ్లే అని చెప్పేవాడు నాయనా, అన్నాను.